నాచు మొక్కలును, నీరు మోయు నాళములు గల మొక్కలును



హైదరాబాదు నగరపు పడమటి భాగమున మోతీనగర్ అను పేట కలదు. దానికి దక్షిణముగా జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ మెట్టలు వ్యాపించి యున్నవి. ఆ మెట్టలు నేడు మేడలతోను, తెలుగు చలనచిత్రముల వారి కార్యాలయములతోను నిండి యున్నను, పూర్వపు గ్రానైటు గుండ్లు పూర్తిగా అంతరింపలేదు. 1998 వ సంవత్సరమున జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానమునందును, ఇండ్ల నడుమ మిగిలిన ఖాళీ జాగాలయందును వానిని నేటికిని చూడవచ్చును. వేసవిలో ఆ బండల మీద వాననీరు జాఱిన జాడల వెంట గోధుమవన్నె ఎండు పొక్కు వంటిది అంటుకొని యుండును. గోటితో గీచినచో అది పొడియై రాలును. మృగశిర కార్తెలో మొదటి వాన కురిసిన కొంతసేపటికే ఆ పొక్కు పచ్చని మఖమలు గుడ్డ పఱచినట్లు మాఱును. అదియే నాచు.

ఆ బండ నెఱ్ఱెలోనే సీతాఫలపు చెట్టొకటి మొలచి యుండుట అరుదు కాదు. రెంటికిని ఆధారము ఒకే రాయి. రెంటికిని దొరకునది ఒకే వాన. అయినను వాన వెలిసి రెండు దినములు ఎండ కాచిన యెడల నాచు మఱల పొక్కుగా మాఱిపోవును. సీతాఫలము మాత్రము నెలల తరబడి పచ్చగా నిలిచి కాయ కాచును. ఈ భేదమునకు ముఖ్యకారణ మొక్కటి కలదు. సీతాఫలపు దేహమునందు వేరు మొదలు ఆకు కొన వఱకు నీరు మోయు నాళములు కలవు. నాచునందు అట్టి నాళములు లేవు.

ఇది పాఠశాలలో బాలురు వల్లె వేయవలసిన సంగతియే గాని సేద్యమునకు పనికివచ్చునది కాదని పట్టాదారులు త్రోసిపుచ్చరాదు. ఈ భేదము ఎఱుగనందున మూడు విధముల నష్టము కలుగుచున్నది. మామిడితోటలో చెట్టునకు హాని చేయని నాచును గోకించుటకు కూలి ఖర్చగుచుండగా, నిజముగా చెట్టు రసమును పీల్చునది కొమ్మ మీద నిర్భయముగా పెరుగుచున్నది. బావి గోడ మీది నాచును చూచి కంగారుపడు రైతు, ఆ గోడ సందులోనే మొలచిన రావిమొక్కను చూచియు విడిచిపెట్టుచున్నాడు. కందిచేనిలో మొక్క వాడినప్పుడు, రోగమును దాహమని భ్రమించి నీరు పెట్టి, పైరును నీటిని రెంటిని పోగొట్టుకొనుచున్నాడు. ఈ మూడును ఒక్క సూత్రముచే తెలియదగినవి. ముందు ఆ సూత్రమును, పిదప ఈ మూడు విషయములను క్రమముగా వివరింపవలసి యున్నది.

మొదట పేరుల చిక్కు విప్పవలెను. తెలుగున నాచు, పాచి, పాకుడు అను మాటలు ఆకుపచ్చగా నీటి చెంత పెరుగు అనేక వస్తువులకు చెల్లుచున్నవి. చెఱువు నీటిపై తెట్టెగట్టు పాచి ఒకటి. దానికి వేరు, కాండము, ఆకు అను విభాగము ఏదియు లేదు. శాస్త్రజ్ఞులు దానిని శైవలమని పిలుతురు. వరిమడులలో ఎఱువు కొఱకు పెంచు అజొల్లాను సైతము పలువురు నాచు అనియే అందురు. కాని అది నీటిపై తేలు ఒక చిన్న ఫెర్ను మొక్క. దానికి సన్ననివే యైనను నీటి నాళములు కలవు. దాని ఆకుల బొఱియలలో నివసించు నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి యిచ్చును గనుకనే అది వరికి ఎఱువగుచున్నది. గోడల మీదను, బండల మీదను, చెట్ల బెరడు మీదను చిన్న చిన్న ఆకులతో గుబురుగా మొలచు మూడవది, ఆంగ్లమున మాస్ అనబడునది, ఈ ఉపన్యాసమున గోడనాచు అని వ్యవహరింపబడును. హయోఫిలా, బ్రయమ్ అను జాతులు మన దేశమున గోడల మీద తఱచుగా కనబడునట్టివి. హయోఫిలా ఆకులు ఎండినప్పుడు లోపలికి చుట్టుకొని, తడిసినప్పుడు విప్పారును.

మఱియొక మోసము కూడ కలదు. అంగళ్లలో సంజీవని యను పేర అమ్మబడు ఎండు మొక్క పిడికిలి వలె ముడుచుకొని యుండి, నీటిలో వేసిన కొన్ని గంటలకు విప్పుకొని పచ్చబడును. చూచుటకు నాచు వలె నుండును. ఎండి మఱల తేఱుకొనుటయు నాచు గుణమే. అయినను అది సెలాజినెల్లా అను వర్గమునకు చెందినది; దాని కాండమున నీటి నాళములు స్పష్టముగా ఉన్నవి. కావున పచ్చదనమును బట్టి గాని, పొట్టితనమును బట్టి గాని, ఎండి తేఱుటను బట్టి గాని మొక్క యొక్క జాతిని నిర్ణయింపరాదు. లోపల నాళములు కలవా లేవా యని చూడవలెను.

ఇక గోడనాచు నిర్మాణము. ఒక చిటికెడు నాచును తీసి నీటిలో కడిగి వెలుతురునకు పట్టి చూచినచో, దారపు పోగు వంటి కాండమును, దాని చుట్టు నువ్వుగింజ కంటె చిన్నవైన ఆకులును కనబడును. ఆ ఆకు ఈనె దగ్గఱ తప్ప తక్కినచోట్ల సాధారణముగా ఒకే కణము మందమున నుండును. వరి ఆకునకు, మామిడి ఆకునకు పైన మైనము వంటి పూత కలదు. అది లోపలి తేమను పోనీయదు. నాచు ఆకునకు అట్టి రక్షణ మిక్కిలి తక్కువ. కావున వాన చినుకు, మంచు తేమ ఏది పడినను ఆకు అంతటితోను నేరుగా త్రాగును. ఎండ కాసినచో ఆకు అంతటితోను కోల్పోవును. అడుగున వేరు వలె కనబడు సన్నని నూగు నిజమైన వేరు కాదు. దానికి మూలతంతువులని పేరు. అవి మొక్కను రాతికి పట్టి యుంచుటకే ముఖ్యముగా ఉపయోగపడును. భూమి లోతునుండి నీరు తోడి తెచ్చు శక్తి వానికి లేదు.

నాచులో నీరు ఎట్లు ప్రాకుచున్నది? దీపపు వత్తిలో నూనె ప్రాకునట్లు, ఆకులకును కాండమునకును మధ్యనున్న సందుల వెంట వెలుపలినుండియే ప్రాకును. లోపల ఒక కణమునుండి పక్క కణమునకు మెల్లగా ఊరును. ఈ విధముగా అంగుళము రెండంగుళముల వఱకు నీరు పోగలదు గాని నిలువెత్తు పోజాలదు. అందుచేతనే గోడనాచు ఎన్ని యేండ్లు పెరిగినను చెట్టు కాదు. పాలిట్రైకమ్ మొదలగు కొన్ని జాతులలో కాండము నడుమ నీటిని పోనిచ్చు పొడవైన కణముల తీగ ఒకటి ఉన్నది. ఆస్ట్రేలియా, న్యూజిలాండు ప్రాంతముల డాసోనియా అను నాచు అట్టి తీగ ఉన్నందున అరమీటరు దాక ఎదుగును. కాని ఆ కణముల గోడలకు లిగ్నిన్ అను గట్టి పదార్థము లేదు గనుక, అవి చెట్టును నిలువబెట్టు కఱ్ఱ కాజాలవు. ప్రపంచమున నాచు జాతులు సుమారు 12,000 కలవని లెక్క. నాళములు గల మొక్కల జాతులు మూడు లక్షలకు మించి యున్నవి.

సంతానోత్పత్తియందును నాచునకు నీటి యక్కఱ తప్పదు. దాని పురుషబీజము తోక వంటి తంతువులతో నీటి పొరలో ఈది స్త్రీబీజమును చేరవలెను. తడి లేనిదే ఫలదీకరణము లేదు. పిదప నాచు తల మీద సన్నని కాడయు, దాని కొన చిన్న బుఱ్ఱయు పుట్టును. ఆ బుఱ్ఱలోని పొడియే సిద్ధబీజములు. అవి గాలికి ఎగిరి మఱియొక తడి తావున మొలచును. నాచునకు పువ్వు లేదు, గింజ లేదు.

నాళములు గల మొక్కల సంగతి ఇప్పుడు చూడవలెను. దీనికి యంత్రములు అక్కఱలేదు. పెరటిలోని కాశీతుమ్మ మొక్కను వేళ్లు తెగకుండ పీకి, కడిగి, ఎఱ్ఱ సిరా కలిపిన నీటిలో నిలుపవలెను. కొన్ని గంటలకు దాని కాండమున ఎఱ్ఱని గీతలు కనబడును. కాండమును అడ్డముగా కోసినచో, రంగు కాండమంతట వ్యాపింపక, చుక్కలు చుక్కలుగా కొన్ని చోట్లనే యుండుట తెలియును. ఆ చుక్కలే నీటి నాళముల కోతలు. దీనికి దారువని పేరు. దానికి ప్రక్కన మఱియొక విధమైన నాళములు కలవు. అవి ఆకులలో తయారైన ఆహారమును వేళ్లకును కాయలకును చేర్చును. చెట్టు మొదట బెరడును చుట్టును చెక్కివేసినచో చెట్టు క్రమముగా చచ్చుటకు కారణము, ఈ ఆహారనాళములు తెగి వేళ్లు పస్తుండుటయే.

దారునాళములను గుఱించి ఆశ్చర్యకరమైన విషయ మొకటి కలదు. అవి నీరు మోయు వయస్సునకు వచ్చునప్పటికి ఆ కణములు చచ్చి, లోని సారము తొలగి, గోడలు మాత్రము గొట్టములై మిగులును. గోడలకు లిగ్నిన్ పట్టి గట్టిపడును. ఇల్లు కట్టు దూలము, నాగలి కఱ్ఱ, బండి యిరుసు — ఇవన్నియు ఒకప్పుడు నీరు మోసిన గొట్టముల గుంపులే. కావున ఒకే ఏర్పాటు చెట్టునకు కాలువయు, వెన్నెముకయు నగుచున్నది. నాచునకు ఈ రెండును కొఱతయే.

ఇంత యెత్తునకు నీటిని ఎవరు తోడుచున్నారు? కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ వృక్షములలో ఒకటి 115 మీటర్లకు మించిన యెత్తున నున్నది. ఏ మోటయు, ఏ పంపును లేకయే దాని కొనకు నీరు చేరుచున్నది. ఆంగ్లేయుడైన స్టీఫెన్ హేల్సు 1727 లో ప్రకటించిన గ్రంథమున, ఆకులనుండి నీరు ఆవిరియై పోవుటను తూచి లెక్క కట్టెను. 1894 లో డిక్సన్, జాలీ అను ఐర్లండు శాస్త్రజ్ఞు లిరువురు ఈ ఆవిరియే నీటిని పైకి లాగుచున్నదని చెప్పిరి. ఆకు రంధ్రములనుండి ఒక నీటి కణిక ఆవిరియై పోవగా, దాని వెనుకనున్న కణిక ముందునకు లాగబడును; నీటి కణికలు ఒకదాని నొకటి గట్టిగా పట్టుకొని యుండుటచే ఆ లాగుడు వేరు కొన దాక పోవును. మోటబావిలో ఎడ్లు పైన లాగగా త్రాడు బానను తెచ్చునట్లే ఇచ్చటను జరుగును. భేద మేమన, చెట్టులో ఎడ్లు ఎండయే, త్రాడును నీరే. మన దేశపు మహాశాస్త్రజ్ఞుడు జగదీశ చంద్ర బోసుగారు 1923 లో ప్రకటించిన గ్రంథమున, కాండములోని సజీవ కణముల స్పందనమే నీటిని ఎత్తునని వాదించిరి. పిదప జరిగిన పరిశోధనలు డిక్సన్, జాలీల పక్షమునే బలపఱచినవి.

ఈ త్రాడు తెగకుండ నున్నంత కాలమే చెట్టునకు క్షేమము. నాళములో గాలి బుడగ దూఱినను, ఏదేని అడ్డుపడినను, ఆ నాళము పనికి రాదు. ఈ మాట రైతులు జ్ఞాపకముంచుకొనవలెను. కందిచేని విషయమున ఇది మఱల వచ్చును.

చెట్టులో నాళములు ఎంత దూరము పనిచేయునో తెలియుటకు మహబూబునగరమునకు సమీపముననున్న పిల్లలమఱ్ఱి మంచి దృష్టాంతము. ఏడువందల యేండ్లదని ప్రతీతి గల ఆ మఱ్ఱి సుమారు మూడెకరములు వ్యాపించి, ఊడలు దింపి, ఏది మొదలో ఏది ఊడయో తెలియనట్లు నిలిచినది. ప్రతి ఊడయు నేల తాకిన పిదప క్రొత్త కాలువ వలె తన పైనున్న కొమ్మలకు నీరందించును. 2017 డిసెంబరులో చెదలు తొలిచిన ఒక పెద్ద కొమ్మ విఱిగి పడినది. 2018 లో అధికారులు చెదల మందును నీటిలో పలుచగా కలిపి, ఆసుపత్రిలో రోగులకు సెలైను ఎక్కించు రీతిని, సీసాలనుండి చుక్క చుక్కగా ఆ చెట్టు లోనికి ఎక్కించిరి. నాళములు గల మొక్కకే ఇట్టి చికిత్సకు వీలగును. నాచునకు ఒక చోట ఇచ్చిన మందును మఱియొక చోటికి మోయు మార్గమే లేదు.

ఇప్పుడు మూడు విషయములు.

మొదటిది మామిడితోట. వానకాలమున మామిడి, చింత మొదళ్ల మీద నాచు పట్టును. అది చెట్టు రసమును త్రాగి చెట్టును బలహీనపఱచునని కొందఱి నమ్మకము. నాచునకు బెరడును తొలిచి లోనికి పోవు వేరు లేదు. లోని నీటిని లాగుకొను నాళము లేదు. తన మీద పడిన వానను త్రాగి, తన ఆకులతో తాను ఆహారము చేసికొనును. మామిడి బెరడు దానికి కూర్చుండు పీట మాత్రమే. చెట్టు బలహీనమై ఆకు పలుచబడిన చోట వెలుతురు తేమలు మొదటికి అందుటచే నాచు హెచ్చవచ్చును. అట్టియెడ నాచు కారణము కాదు, గుఱుతు. అపుడు వేళ్లను, మురుగును, ఎఱువును పరీక్షింపవలెను గాని, కత్తితో బెరడు గోకించి చెట్టునకు గాయము చేయరాదు.

అదే మామిడి కొమ్మ మీద మందమైన ఆకులతో, గొట్టము వంటి పూలతో, మామిడి ఆకు కాని ఆకు గుబురుగా కనబడినచో అది బదనిక. పక్షులు దాని పండును తిని, జిగురు గల గింజను కొమ్మకు రాచి పోవును. ఆ గింజ మొలచి, చూషకములను బెరడు గుండ చొప్పించి, మామిడి దారునాళములతో తన నాళములను కలుపుకొనును. ఒకరి కాలువకు గండి కొట్టి తన పొలమునకు నీరు మళ్లించుకొనునట్లే దాని ప్రవర్తన. బదనిక తగిలిన చోటునుండి కొనవఱకు కొమ్మ క్రమముగా ఎండును. నాళములు గలది గనుకనే అది ఈ దొంగతనము చేయగలిగినది. దానిని పైపైన త్రుంచిన మఱల చిగుర్చును. కావున గింజ పండక పూర్వమే, అది తగిలిన చోటునకు క్రిందుగా, చూషకములు వ్యాపించిన మేర దాటి, కొమ్మను కోసివేయవలెను. తోట కూలికి పెట్టు ఖర్చును నాచు మీద పెట్టక బదనిక మీద పెట్టుట వివేకము.

రెండవది బావి గోడయు, చెఱువు తూమును. తడి గోడ మీద నాచు పట్టుట సహజము. దాని మూలతంతువులు గచ్చు పైపొరను పట్టుకొనును గాని రాళ్లను ఎడము చేయజాలవు. మెట్ల మీద మాత్రము కాలు జాఱునను భయము కలదు గనుక నీరు తోడు చోట దానిని గీకివేయుట మంచిది. ఎన్నడును తడియని గోడ మీద క్రొత్తగా నాచు కనబడినచో, లోపల ఎచ్చటనో నీరు ఊరుచున్నదని గ్రహించి ఆ ఊటను వెదకవలెను.

ఆ గోడ సందులోనే కాకి విడిచిన గింజనుండి వేలెడు రావిమొక్క మొలచి యుండవచ్చును. చూచుటకు అది నాచు కంటె ముచ్చటగా నుండును. దేవతావృక్షమని తీయుటకు కొందఱు వెనుకాడుదురు. దాని వేరు నిజమైన వేరు. నీటి కొఱకు సందు వెంట బారలకొలది పోగలదు. ఏటేట క్రొత్త దారువు చేరి వేరు లావగును. మొదట దారమంత సందున దూఱిన వేరు కొన్ని యేండ్లకు చేతి మణికట్టంత యగును. రాళ్లు విడిపోక ఏమగును? పైన నఱికినను లోని వేరు చావక మఱల చిగుర్చును. కావున ప్రతి సంవత్సరము వాన వెలిసిన పిదప బావి గోడలను, తూములను, అలుగులను ఒకసారి చూచి, రావి, మఱ్ఱి, జువ్వి మొలకలను నేల మెత్తగా నున్నపుడే వేరుతో లాగివేయవలెను. దైవభక్తి గలవారు ఆ మొలకను తీసి చెఱువు గట్టునకు దూరముగా, ఊరి బయట నాటినచో పుణ్యమును దక్కును, తూమును దక్కును.

మూడవది కందిచేను, అన్నిటికంటె ముఖ్యమైనది. పూత కాలమునకు చేనిలో అచ్చటచ్చట గుంపులుగా మొక్కలు ఆకు పసుపెక్కి, వ్రేలాడి, ఎండిపోవుట రైతు లెఱిగినదే. దానిని చూచి నీటి యెద్దడి యని ఖుష్కి భూమికి సైతము బావి నీరు మళ్లించువారు కలరు. దాహమునకును తెగులునకును గుఱుతులు వేఱు. దాహమైనచో చేను చాలవఱకు ఒక్క తీరుగా మధ్యాహ్నము వాడి, సాయంకాలమునకు కొంత తేఱుకొనును. నేల త్రవ్వి చూచిన తడి యుండదు. తెగులైనచో నేలలో తడి యున్నను, పక్క మొక్క పచ్చగా నున్నను, ఒక మొక్క మాత్రము వాడును; సాయంకాలమునకును తేఱదు. కాండము మొదటినుండి పైకి ఊదావన్నె పట్టీ ఒకటి ప్రాకి యుండును.

సందేహ నివృత్తికి కత్తి చాలును. వాడిన మొక్కను పీకి, మొదటి కాండమును నిలువుగా చీల్చవలెను. ఆరోగ్యము గల మొక్కలో లోని కఱ్ఱ తెల్లగా నుండును. తెగులు తగిలిన దానిలో గోధుమవన్నె గాని నలుపు గాని చారలు కనబడును. ఆ చారలు నీటి నాళములే. బీహారులోని పూసా పరిశోధనాలయమున పనిచేసిన బట్లరుగారు 1910 లో ఈ తెగులునకు కారణమైన బూజును వర్ణించిరి. దానికి ఫ్యుజేరియం ఉడమ్ అని పేరు. అది నేలలో నుండి వేళ్ల ద్వారా దూఱి నాళములలో పెరుగును. బూజు పోగులును, మొక్క తానే ఊర్చు జిగురును కలసి నాళములను పూడ్చివేయును. కాలువ పూడిన పిదప చెఱువు నిండి యున్నను పొలము ఎండునట్లే, వేళ్ల చెంత నీరున్నను ఆకు ఎండును. అట్టి మొక్కకు పెట్టిన నీరు దాని నోటికి అందదు. పైగా పాఱు నీరు తెగులు మట్టిని చేనిలో పక్క తావులకు కొనిపోవచ్చును.

ఈ తెగులు పట్టిన మొక్కను బ్రదికించుటకు మార్గము లేదు. చేయవలసినది తక్కిన చేనిని, రాబోవు పంటను కాపాడుకొనుటయే. చచ్చిన మొక్కలను వేళ్లతో పీకి కాల్చవలెను. మోళ్లలోను వేళ్లలోను ఆ బూజు మూడేండ్ల వఱకు జీవించి యుండగలదు. కావున ఆ చేనిలో మూడు నాలుగేండ్లు కంది వేయక, జొన్న మొదలగు పంటలకు మార్చవలెను. కందిలో జొన్నను కలిపి వేయు పెద్దల అలవాటు తిండికే గాక తెగులు తగ్గుటకును సహాయకారియని పరిశోధనలలో తేలినది. 1972 లో హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువునందు స్థాపింపబడిన ఇక్రిసాట్ సంస్థవారి కృషిచే ఎండు తెగులును తట్టుకొను కంది రకములు వచ్చినవి. 1993 లో విడుదలైన ఆశ అను రకము వానిలో పేరుగన్నది. ట్రైకోడెర్మా అను మేలు చేయు బూజుతో విత్తనమును శుద్ధి చేసి విత్తుటయు మంచిది. టొమాటో, వంగ, పత్తి, అరటి పంటలకు వచ్చు ఎండు తెగుళ్లలో పెక్కు ఈ నాళములు పూడుటచే కలుగునట్టివే గనుక, వానియందును ముందు కాండమును చీల్చి చూచుట మేలు.

ఇట్టి తెగులు నాచునకు రాదు. పూడుటకు దానికి కాలువయే లేదు. కాని కాలువ లేనందున అది గుప్పెడు పంట యైనను ఈయజాలదు. కంది పుల్ల మనిషి యెత్తు నిలిచి కాయ కాచుచున్నదనిన, ఆ నాళముల పుణ్యమే. సంపద గలవానికే దొంగభయ మున్నట్లు, నాళములు గల మొక్కకే నాళరోగమును, బదనిక భయమును ఉన్నవి.

ఇంత చెప్పినను నాచు వ్యర్థమని తలపరాదు. అది బండ మీద ధూళిని నిలిపి, తేమను పట్టి, గడ్డిగింజ మొలచుటకు పట్టెడు మన్ను సమకూర్చును. కొండవాలున మట్టి కొట్టుకొనిపోకుండ కొంత ఆపును. చల్లని దేశములలో పెరుగు స్ఫాగ్నమ్ అను నాచు తన ఎండు బరువునకు పదునైదు ఇరువది రెట్లు నీటిని పట్టగలదు. మొదటి ప్రపంచ యుద్ధమున దానిని దూది వలె గాయములకు కట్టిరి. గాలినుండి పడిన దానినెల్ల ఆకులతో నేరుగా గ్రహించు స్వభావము వలన నాచు గాలి శుభ్రతకు సాక్షియు నగుచున్నది. 1960 తరువాతి సంవత్సరములలో స్వీడను శాస్త్రజ్ఞులు నాచును పరీక్షించి, గాలినుండి పడు సీసము మొదలగు లోహముల పరిమాణమును తెలిసికొనిరి. మోతీనగరమునకు ప్రక్కనే సనత్‌నగర్ పారిశ్రామికవాడ యున్నది. అట్టి తావులలో గోడ మీది నాచు ఒక లెక్కపుస్తకము వంటిది. వేరు లేని మొక్క నేలను గుఱించి ఏమియు చెప్పదు గాని, గాలిని గుఱించి దాపరికము లేక చెప్పును.

రైతులు జ్ఞాపకముంచుకొనవలసిన మాటలు ఇవి. నాచు తన నీటిని తానే పైనుండి త్రాగును. అది చెట్టు నాళముల జోలికి గాని గోడ రాళ్ల జోలికి గాని పోదు. బదనికయు, రావిమొలకయు నాళములును నిజమైన వేళ్లును చూషకములును గల జాతులవి. వానిని చిన్ననాడే తీసివేయవలెను. కంది మొక్క ఒంటరిగా వాడినప్పుడు, నీరు మళ్లించుటకు ముందు మొక్కను పీకి చీల్చి చూడవలెను. లోపల తెల్లగా నుండి నేల పొడిగా నున్నచో నీరు పెట్టవచ్చును. నల్లని చార కనబడినచో నీటిని ఆపి, ఆ మొక్కను కాల్చి, వచ్చు సంవత్సరపు పంటను మార్చుటకు ఆ దినముననే నిశ్చయించుకొనవలెను.